మా మోపెడ్ ఇంజన్ దించిన ఆదివారం

మొన్న పొద్దున పాలప్యాకెట్లు తెచ్చుకుందామని కిందికి దిగాను. ఎల్‌బీ నగర్‌లో మా అమ్మాయి వాళ్ల అపార్ట్‌మెంటు అది. అమ్మాయి, అల్లుడు ఆఫీసులకు వెళ్లే తొందరలో ఉంటారు కనుక పాలు తేవడం, బాల్కనీలో మొక్కలకు నీళ్లు పోయడం నా వంతు. సెల్లార్‌లో ఎవరో ఒక పాత మోపెడ్‌ను స్టాండు మీద వేసి స్టార్టు చేస్తున్నారు. ముందు వాసన వచ్చింది, పెట్రోల్లో కలిపిన ఆయిలు కాలే వాసన, మన వయసువాళ్లకు విడమరిచి చెప్పక్కర్లేని వాసన. ఆ వెనకే చప్పుడు. ఇంజన్ మామూలుగా టకటకమంటూనే ఉంది కానీ, దాని అడుగున ఎక్కడో, కొబ్బరిచిప్పను గచ్చు మీద గీసినట్టు సన్నగా ఒక గరగర. ఆ గరగర చెవిన పడగానే మెట్ల దగ్గరే రెయిలింగు పట్టుకుని నిలబడిపోయాను.

ఆ బండి ఎవరిదో, తొక్కుతున్న మనిషి ఎవరో నాకు తెలియదు. అయినా ఉండబట్టలేక దగ్గరికి వెళ్లి, దాన్ని అలా రేజ్ చేయొద్దు బాబూ, క్రాంకు బేరింగులు పోయినట్టున్నాయి అన్నాను. తలంతా నెరిసిన మనిషి నోట ఆ మాట విని అతను ఇంజన్ ఆపేసి నావంక చూసిన చూపుకు నాకే నవ్వొచ్చింది. ఇంకేమీ చెప్పకుండా పాలు తెచ్చుకుని పైకి వచ్చేశాను. కానీ ఆ గరగర మాత్రం నాతోపాటే లిఫ్టు ఎక్కింది. కాఫీ కలుపుతున్నా, బియ్యం కడుగుతున్నా అదే. పాతికేళ్లు దాటిపోయాయి, అయినా ఆ చప్పుడుకు నాలో ఉలిక్కిపడే మనిషి ఇంకా ఎక్కడో అలాగే ఉందన్నమాట.

మాది తెనాలి పక్కన పల్లె. పెళ్లయిన కొత్తలోనే మా వారు నన్ను తీసుకుని హైదరాబాదు వచ్చేశారు. ఆయనకు చిన్నప్పటి నుంచి ఇంజన్లంటే ప్రాణం. ఊళ్లో ఆయిలు ఇంజన్ల దగ్గర మొదలుపెట్టి, ఇక్కడ ఒక స్కూటర్ మెకానిక్కు దగ్గర చేరి, చివరికి దిల్‌సుఖ్‌నగర్‌లో మెయిన్ రోడ్డు వెనక సందులో సొంతంగా ఒక రేకుల షెడ్డు పెట్టుకున్నారు. ఆ రోజుల్లో రోడ్డు మీద తిరిగేవన్నీ టూ స్ట్రోక్ బళ్లే కదా, షెడ్డు ముందు ఎప్పుడూ స్కూటర్లు బారులు తీరి ఉండేవి. మేము ఎల్‌బీ నగర్ జంక్షన్‌కు కాస్త లోపలగా, ఒక పెంకుటింటి వెనక భాగంలో రెండు గదులు కిరాయికి తీసుకుని ఉండేవాళ్లం. ఇంటి యజమానురాలు ఇక్కడి పాత ఊరి మనిషి. ఒకప్పుడు ఆ చుట్టుపక్కల వాళ్లకు జొన్న చేలుండేవట, ఇప్పుడు ఆ చేలలో కాలనీలున్నాయి. పెద్ద గొంతు, పెద్ద మనసు. నన్ను ఎప్పుడూ పేరుపెట్టి పిలవలేదు, బిడ్డా అనేది.

మా వారికి నలభై దాటాయో లేదో, ఒక మధ్యాహ్నం షెడ్డులో ఏదో స్కూటరుకు క్లచ్ కేబుల్ బిగిస్తుంటే చేతిలోంచి పానా జారిపడిందట. వంగి తీసుకున్నారు, మళ్లీ జారింది. ఇవాళ చేతికి చమట పట్టింది అని నవ్వబోయేసరికి మూతి ఒక పక్కకు వెళ్లిపోయింది, మాట రాలేదు. పక్షవాతం. పెద్ద దవాఖానలో పెట్టి, ప్రాణం దక్కించుకుని ఇంటికి తెచ్చుకున్నాం కానీ కుడి చెయ్యి మాత్రం భుజం నుంచి తువ్వాలులా వేలాడిపోయింది. కుడి కాలు ఈడ్చేవారు. మాట వచ్చింది, అయితే ఒక్కొక్క పదమే, నూతిలోంచి చేదతో తోడినట్టు వచ్చేది. షెడ్డు వదిలేశాం. సామాన్లన్నీ ఒక ట్రంకుపెట్టెలో ఇంటికి వచ్చి మంచం కింద చేరాయి. ఆ పెట్టెను ఆయన ఒక్కనాడు కూడా తెరవమనలేదు. మంచం మీద పడుకుని గోడవైపు తిరిగి ఉండేవారు. మా అమ్మాయిని ఆ సంవత్సరం మా అమ్మ దగ్గర ఉంచి చదివించాం.

ఇల్లు గడవాలి. చైతన్యపురిలో అప్పుడప్పుడే కోచింగుల వాళ్లు, హాస్టళ్లు వచ్చి పడుతున్నాయి. మన వైపు నుంచి వచ్చిన పిల్లలు అక్కడి తిండి పడక అల్లాడిపోయేవారు. నాకు వచ్చిందల్లా వంట. పొద్దున్నే లేచి పప్పు, కూర, పులుసు, అన్నం వండి క్యారియర్లు కట్టి, మధ్యాహ్నం వాళ్ల క్లాసులు వదిలేవేళకు అందించేదాన్ని. మొదట్లో బస్సులో మోశాను. కండక్టర్లు కసురుకుంటుంటే పులుసు ఒలికిపోయేది. మా వారు షెడ్డుకు తిరిగే మోపెడ్ ఇంటి ముందు దుమ్ముకొట్టుకుని ఉండేది. ధైర్యం చేసి, వెనక ఖాళీ జాగాలో పడుతూ లేస్తూ దాన్ని నేర్చుకున్నాను. చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, ముందు రెండు సంచులు, వెనక ఒక గంప కట్టుకుని ఆ హైవే మీద లారీల పక్కన నేను వెళుతుంటే చూసి నవ్వినవాళ్లూ ఉన్నారు, దండం పెట్టినవాళ్లూ ఉన్నారు. ఎలా వెళ్లానో నాకే తెలియదు. విజయవాడ బస్సు పక్క నుంచి దూసుకుపోయినప్పుడల్లా హ్యాండిలు ఊగిపోయేది, ఊపిరి బిగపట్టేదాన్ని.

ఆ ఏడు వానలకు సరూర్‌నగర్ చెరువు పొంగి కింది కాలనీలన్నీ మునిగాయి. ఒకరోజు క్యారియర్లు ఇచ్చి వస్తుంటే నీళ్లలో బండి ఆగిపోయింది. అది సైలెన్సరు దాకా మునిగి, ఎవరి గేటుకో కట్టేసి ఉండిపోయింది. నీళ్లు తీశాక నెట్టుకుంటూ తెచ్చుకున్నాను. ఆరబెట్టి, ప్లగ్గు తుడిచి తొక్కితే స్టార్టయింది, హమ్మయ్య అనుకున్నాను. కొన్నాళ్లకు మొదలైంది ఆ గరగర. మొదట చైను అనుకున్నాను. తర్వాత ఏమీ అనుకోకుండా, వినకుండా ఉండడానికి ప్రయత్నించాను. వినకూడదనుకున్న చప్పుడు ఎంత పెద్దగా వినబడుతుందో మీకూ అనుభవమే కదా.

ఒక మధ్యాహ్నం నేను గేటులోకి వచ్చి బండి ఆపేసరికి లోపల మా వారు మంచం మీద లేచి కూర్చుని ఉన్నారు. చాలా నెలల తర్వాత గోడవైపు నుంచి ఇటు తిరిగిన ముఖం అది.

"క్రాంకు..." అన్నారు. ఆగి, గుటక వేసి, "బేరింగు. పోయింది" అన్నారు.

ఆయన ఒక్కొక్క మాటగా చెప్పినదాన్ని కూడబలుక్కుంటే నాకు తెలిసింది ఇది: ఇంజన్ కడుపులో, పిస్టన్ కింద తిరిగే ఇరుసుకు రెండు పక్కలా రెండు బేరింగులుంటాయి. నీళ్లు దిగి అవి తుప్పుపట్టాయి. ఇలాగే నడిపితే ఏదో ఒకరోజు అందులోని గుండ్లు పగిలి ముక్కలు ఇంజనంతా తినేస్తాయి. అప్పుడిక మార్చడానికి బేరింగులు కాదు, ఇంజనే మిగలదు. అది ఎప్పుడు, ఎక్కడ జరుగుతుందో చెప్పలేం. నడి జంక్షన్‌లో లారీల మధ్య కూడా కావచ్చు. ఆ తర్వాత కొన్ని రోజులు నేను బండి నడిపింది కళ్లతో కాదు, చెవులతో. ప్రతి గతుకు దగ్గర, ప్రతి ఎత్తు దగ్గర ఆ గరగర పెరిగిందా తగ్గిందా అని వింటూ, ఈ ఒక్కరోజు, ఈ ఒక్కరోజు అని దేవుడికి మొక్కుకుంటూ వెళ్లి వచ్చేదాన్ని.

మా షెడ్డులో మా వారి దగ్గరే పని నేర్చుకుని, తర్వాత దిల్‌సుఖ్‌నగర్‌లోనే సొంతంగా షెడ్డు పెట్టుకున్న మెకానిక్కు ఒకాయన ఉండేవాడు. కబురు పెడితే వెంటనే వచ్చాడు. బండిని ఒకసారి తొక్కి, విని, ఆపి, లోపలికి వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు.

"అన్నా, గీ బండి నాకిడిసిపెట్టు. షెడ్డుకు తీస్కపోయి జేసి పంపిస్త. నువ్వు జర పరేషాన్ గాకు."

మా వారు తల అడ్డంగా ఊపారు. ఎడమచేత్తో తన గుండె మీద తట్టుకుని, "నేను" అన్నారు.

ఆ వేలాడే చేతివంక చూడకుండా ఉండడానికి మేమిద్దరం నేలవంక చూస్తున్నాం. అతను లేచి బయటికి వచ్చాక, గేటు దగ్గర గొంతు తగ్గించి అన్నాడు: "వదినె, క్రాంక్ కేసు జర పగిలిందనుకో, బండి ఖతం. మల్ల నేను గూడ ఏం జెయ్యలేను. అన్న శెయ్యితోని కాదు. నువ్వే నచ్చజెప్పు."

నచ్చజెప్పడానికే లోపలికి వెళ్లాను. ఆయన మంచం దిగి, నేల మీద చతికిలబడి, ఎడమచేత్తో ట్రంకుపెట్టెను బయటికి లాగుతున్నారు. మూత తెరిస్తే గ్రీజు వాసన గుప్పుమంది. లోపలి సామాన్లను ఒక్కొక్కటే తీసి, ఒక్కొక్కదాన్నీ కాసేపు పట్టుకుని చూసి పక్కన పెడుతున్నారు. మళ్లీ గేటు దగ్గరికి వెళ్లి, కొత్త బేరింగులు, ఆయిలు సీళ్లు, ప్యాకింగులు తెచ్చిపెట్టమని అతనికి చెప్పాను. ఎవరు చేస్తారు వదినె అని అడిగాడు. చేతులు నావి, మిగతాదంతా ఆయనది అన్నాను. అనేశాను కానీ, సూదిలో దారం ఎక్కించడం తప్ప నేనెరిగిన యంత్రం పని ఇంకొకటి లేదు.

ఆదివారం హాస్టళ్లకు క్యారియర్లుండవు. ఆదివారం విప్పితే ఆదివారం సాయంత్రానికల్లా బిగించాలి, లేకపోతే సోమవారం మధ్యాహ్నం ఆ పిల్లల ముందు పళ్లేలు ఖాళీగా ఉంటాయి. ఒక్కరోజు అందకపోతే వాళ్లు ఇంకోచోట మాట్లాడుకుంటారు, అప్పటికే ఆ సందుల్లో మెస్సులు వెలుస్తున్నాయి. తెల్లవారకముందు నుంచే నాకు కంటిమీద కునుకు లేదు. వరండాలో పాత దుప్పటి పరిచి, పక్కన వరసగా స్టీలు పళ్లేలు పెట్టుకున్నాను, ఏ మరలు ఎక్కడివో కలిసిపోకుండా. మా వారు ముక్కాలిపీట మీద కూర్చున్నారు. గడ్డం గీయించుకుని, ఉతికిన చొక్కా వేసుకున్నారు. ఇది గనక చెడితే ఈ మనిషి మళ్లీ గోడవైపు తిరిగి పడుకుంటే ఇక ఇటు తిరగడు అనిపించింది.

సైలెన్సరు, కార్బురేటరు విప్పి, ఇంజన్ దించి ఒళ్లో పెట్టుకుంటే చంటిపిల్లంత బరువుంది. ఆయన వేలితో చూపించేవారు, నేను విప్పేదాన్ని. పైన హెడ్డు, దాని కింద బ్లాకు, దానిలోంచి పిస్టన్. పిస్టన్ పిన్ను జారకుండా పట్టి ఉంచే సన్నని తీగ ఒకటి ఉంటుంది, దాన్ని లాక్ అంటారు. అది ఎగిరి కింద ఇంజన్ కడుపులో పడితే గొప్ప తంటా అని అక్కడ గుడ్డ కుక్కించారు. నేను తీయబోతే అది నిజంగానే ఎగిరి ఆ గుడ్డ మీదే పడింది. ఆయన గుడ్డవైపు చూసి నావైపు చూశారు, అంతే. ఆ తర్వాత ఏం చెప్పినా ఎందుకని అడగలేదు నేను.

క్రాంక్ కేసు రెండు దొప్పలుగా ఉంటుంది, తాటిముంజె కాయను మధ్యకు కోసినట్టు. మరలన్నీ తీసినా ఆ దొప్పలు విడిరాలేదు. ఏళ్ల తరబడి అంటుకుపోయి ఉన్నాయి. స్క్రూడ్రైవరు సందులో దూర్చి తిప్పబోయాను. ఆయన ఎడమచెయ్యి వచ్చి నా మణికట్టును గట్టిగా పట్టుకుంది. అల్యూమినియం మెత్తన, అక్కడ చిన్న గీత పడినా తర్వాత ఇంజన్ ఆ సందులోంచి గాలి పీలుస్తుందట. చెక్కసుత్తి నా చేతికిచ్చారు. భయపడుతూ ఒకటి వేశాను, వినబడనంత చిన్నగా; లాభం లేక ఇంకొకటి గట్టిగా వేశాను.

"కొట్టకు" అన్నారు. కాసేపు ఆ మాట కోసం వెతుక్కుని, "తట్టు" అన్నారు.

చుట్టూ తట్టాను. ఇక్కడ కాస్త, అక్కడ కాస్త, పసిపిల్లను జోకొట్టినట్టు. ఎంతసేపటికో తెలియదు, వెంట్రుకవాసి సందు కనిపించింది. తర్వాత ఒక్కసారిగా దొప్పలు విడివడి, లోపలి ఇరుసు నల్లటి నూనెతో మెరుస్తూ బయటపడింది. ఒక బేరింగు దొప్పలోనే ఉండిపోయింది, ఇంకొకటి ఇరుసును పట్టుకుని వచ్చింది. రెండింటినీ పుల్లరుతో లాగించారు. ఒక పాత బేరింగును ఆయన నా అరచేతిలో పెట్టి తిప్పమన్నారు. తిప్పితే లోపల ఇసుక ఉన్నట్టు గరగర వేలికి తగిలింది. ఇన్నాళ్లూ నన్ను భయపెట్టింది ఇంత చిన్న వస్తువా అని దాన్ని అలా చూస్తూ ఉండిపోయాను.

కొత్తవి ఎక్కించడమే అసలు పరీక్ష. బేరింగు దొప్పలో బిగుతుగా కూర్చోవాలి. కొట్టి దించితే బేరింగూ పాడు, దొప్పా పాడు. అందుకని దొప్పను వేడి చేస్తే కాస్త సాగుతుంది, బేరింగును చల్లబరిస్తే కాస్త ముడుచుకుంటుంది, అప్పుడు అది దానంతటదే జారి కూర్చుంటుంది. మాకు ఫ్రిజ్ లేదు. కొత్త బేరింగులను ప్లాస్టిక్ సంచిలో చుట్టి ఇంటి యజమానురాలి దగ్గరికి వెళ్లాను.

"ఏందిది బిడ్డా? ఫ్రిజ్‌ల ఇనుప చక్రాలు వెడతవా?" అంది. పెట్టనిచ్చింది కానీ, సంగతేమిటో చూద్దామని నా వెనకే వచ్చి వంటింటి గడప మీద కూర్చుంది. నేను దోసెల పెనం స్టవ్వు మీద పెట్టి, దాని మీద కిరసనాయిలుతో కడిగి తుడిచిన దొప్పను బోర్లించేసరికి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఇంజన్‌ను పెనం మీద కాలుస్తున్నవా! సారుకు జర పిచ్చి లేసిందా ఏంది?"

మా వారి ముఖంలో నవ్వులాంటిది ఒకటి మెరిసి పోయింది. దొప్ప మీద నీటిచుక్క చిలకరించి, అది చుయ్యిమని ఎగిరిపోగానే తల ఊపారు. యజమానురాలు గబగబా వెళ్లి ఫ్రిజ్‌లోంచి బేరింగు తెచ్చి ఇచ్చింది. దొప్పను గుడ్డతో దించి పీట మీద పెట్టి, మంచులా ఉన్న బేరింగును వేళ్లతో పట్టుకుని ఆ గుంటలో వదిలాను. అది తిన్నగా పడలేదు. ఒక పక్క దిగి, ఒక పక్క లేచి, వంకరగా ఇరుక్కుపోయింది. నొక్కాను, కదల్లేదు. కళ్ల ముందే వేడి, చలి రెండూ సమమైపోతున్నాయి, అది బిగుసుకుపోతోంది.

మా వారి గొంతులోంచి ఒక అరుపు వచ్చింది. అది మాట కాదు. లేచి, కుడిచేత్తో దొప్పను అందుకోబోయి, ఆ చెయ్యి లేవకపోయేసరికి ఎడమ పిడికిలితో దాన్ని దబదబా బాదుకున్నారు. అంతవరకు దవాఖానలో కూడా ఆయన కళ్లల్లో నేను నీళ్లు చూడలేదు. కాలు ఈడ్చుకుంటూ లోపలికి వెళ్లిపోయారు. మంచం కిర్రుమంది. చూడకపోయినా నాకు తెలుసు, ముఖం ఎటు ఉంటుందో.

నాకు బండి గుర్తులేదు, క్యారియర్లు గుర్తులేవు. నేను ఏం చేశాను, ఈ మనిషిని అనవసరంగా ఎందుకు లేపి కూర్చోబెట్టాను, పోనీ ఆ మెకానిక్కుకే ఇచ్చి ఉంటే అన్న ఆలోచనే సుళ్లు తిరుగుతోంది. యజమానురాలు గడప మీద నుంచి లేవలేదు. చీరకొంగుతో ముఖం తుడుచుకుని, వంటింటి గోడతో మాట్లాడుతున్నట్టుగా చెప్పింది.

"మా ఇంటాయన గూడ గంతే. భూములన్ని అమ్ముడుపోయినంక గిట్లనే గోడదిక్కు తిరిగి పండుకున్నడు. ఎందరో ఒచ్చి లేపిన్రు, లేవలె. నేనైతే లేపలె బిడ్డా. పొయ్యి మీద అన్నం మాడనిచ్చిన. గా వాసనకు ఆయనే లేచొచ్చి నన్ను తిట్టిండు."

ఆవిడ ఎందుకు చెప్పిందో అప్పుడు నేను ఆలోచించలేదు. ఆలోచించే స్థితిలో లేను. ఏదో ఒకటి చేయాలి కనుక ఇనుప సుత్తి తీసుకుని, ఆ వంకర బేరింగు లేచి ఉన్న అంచు మీద ఒకటి వేశాను. ఖంగుమని మోగింది. రెండోది వేయబోతుంటే లోపల మంచం మళ్లీ కిర్రుమంది, కాలు ఈడ్చే చప్పుడు దగ్గరికి వచ్చింది.

"కొట్టకు అన్నానా!"

పక్షవాతం వచ్చాక ఆయన నోట ఒకే విసురులో వచ్చిన అంత పెద్ద మాట అదే. సుత్తి నా చేతిలోంచి లాక్కున్నారు. నేను ఏడ్చాను, ఏడుస్తూనే స్టవ్వు వెలిగించాను. ఆయన చెప్పినట్టే దొప్పను మళ్లీ బాగా కాగనిచ్చి, తిరగేసి చెక్క మీద తడితే, ఆ వంకర బేరింగు టప్పున రాలిపడింది. దానికి ఏమీ కాలేదు. దాన్ని తుడిచి, తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విని, యజమానురాలి చేతికి ఇచ్చి ఫ్రిజ్ వైపు చూపించారు. ఆవిడ చంటిబిడ్డను ఎత్తుకుపోయినట్టు తీసుకుపోయింది.

రెండోసారి ఆయన పీట మీద కాదు, నా ఎదురుగా నేల మీద కూర్చున్నారు. గుడ్డ చుట్టిన ఎడమచేత్తో కాలుతున్న దొప్పను కదలకుండా ఒత్తిపట్టారు. నేను బేరింగు పట్టుకున్నాను. ఊపిరి వదలమన్నట్టు సైగ చేశారు, వదిలాను. తిన్నగా పెట్టి వేళ్లు తీశాను. అది గుంటలోకి జారి, అడుగున టక్‌మని కూర్చుంది. మొదటిసారి విననిది, ఈసారి విన్నది ఆ చప్పుడే. ఏది సరిగ్గా కూర్చున్న చప్పుడో ఎవరూ చెప్పక్కర్లేకుండానే తెలిసింది. రెండో దొప్పలోకి ఇంకొకటీ అలాగే దిగింది.

అయిందనుకున్నాను. ఇరుసు పెట్టి, ప్యాకింగు వేసి, దొప్పలు కలిపి మరలు బిగించి తిప్పబోతే ఇరుసు తిరగలేదు. రాయిలా ఉంది. అప్పటికే ఎండ వాలుతోంది. ఆయన ముఖంలోకి చూడడానికి భయమేసింది. కానీ ఆయన మాత్రం తాపీగా, తలగోక్కుని, ఇరుసు కొసవైపు వేలు చూపించారు. చెక్కసుత్తితో ఆ కొసను ఇటొకటి, అటొకటి తట్టాను. లోపల బిగిసినదేదో సర్దుకుంది. ఈసారి వేళ్లతో తిప్పితే వెన్నలో గరిటె తిరిగినంత మెత్తగా తిరిగింది. ఆయన నా వేళ్ల మీద తన వేళ్లు వేసి, తనూ తిప్పి చూసుకున్నారు. చాలాసేపు తిప్పారు.

ఇంజన్ ఎక్కించి, బిగించి, స్టాండు మీద వేసి పెడళ్లు తొక్కడం మొదలుపెట్టాను. రాలేదు. తొక్కాను, తొక్కాను, కాళ్లు పీకేసేదాకా తొక్కాను. ప్లగ్గు విప్పించి తుడిపించారు. యజమానురాలు కొంగు నడుముకు చుట్టుకుని, జరుగు బిడ్డా అని తనూ తొక్కింది. చివరికి ఒకసారి ఇంజన్ తుమ్మింది, ఇంకోసారి తుమ్మింది, ఆ తర్వాత వరండా అంతా నీలపుపొగతో నిండిపోయి టకటకటకమని అందుకుంది. మేమిద్దరం దగ్గుతూ నవ్వుతున్నాం. ఆయన నవ్వలేదు. ఆ పొగలో కళ్లు మూసుకుని, తల ఒక పక్కకు వంచి వింటున్నారు. ఆ అడుగున గరగర ఉందా లేదా? నా చెవులను నేను నమ్మలేను, నాకు చాలారోజులుగా నిశ్శబ్దంలో కూడా అదే వినిపిస్తోంది.

ఆయన కళ్లు తెరిచి, "మెల్లగా నడుపు" అన్నారు. "కొత్తవి."

మరునాడు క్యారియర్లు కట్టుకుని వెళ్లాను. ఎంత మెల్లగా అంటే సైకిళ్లు నన్ను దాటిపోయాయి. దారిపొడుగునా చెవులు రిక్కించుకునే ఉన్నాను. చైతన్యపురిలో చివరి క్యారియరు ఇచ్చేదాకా నమ్మకం కలగలేదు, ఇచ్చాక కూడా పూర్తిగా కలగలేదు. తిరిగి మా సందు మలుపు తిరిగేసరికి గేటు దగ్గర మా వారు నిలబడి ఉన్నారు. నన్ను చూడడం లేదు, బండి వంక కూడా కాదు, నేలవంక చూస్తూ వింటున్నారు. నేను వచ్చి ఆపాక తలూపి లోపలికి వెళ్లారు. ఆ రోజు మొదలు ప్రతి మధ్యాహ్నం అక్కడే నిలబడేవారు, సందు మలుపు నుంచి నా బండి చప్పుడు విని, సరిగ్గా ఉందని తేల్చుకుని కానీ భోజనానికి కూర్చునేవారు కాదు.

చెయ్యి పూర్తిగా రాలేదు. వేళ్లు కాస్త కదిలాయి, ఫిజియోథెరపీకి నా వెనక కూర్చుని రావడానికి ఒప్పుకున్నారు, అదే గొప్ప. ఆ మెకానిక్కు ఒకనాడు అంతుబట్టని చప్పుడున్న స్కూటరు ఒకదాన్ని మా ఇంటికే తీసుకొచ్చి, "అన్నా, జర ఇను. నాకైతే సమజైత లేదు" అన్నాడు. తర్వాత తర్వాత ఆయననే తన షెడ్డుకు తీసుకువెళ్లి కుర్చీ వేశాడు. చాలా ఏళ్లు ఆ కుర్చీలో కూర్చుని, చేత్తో ముట్టుకోకుండా, వినే పని చేశారు మా వారు. నేను క్యారియర్లు మానేసిందీ, మా అమ్మాయి చదువు పూర్తయిందీ, మోపెడ్ అమ్మేసిందీ ఆ ఏళ్లల్లోనే. ఆయన వెళ్లిపోయి కూడా చాలాకాలమైంది. మెట్రో స్తంభాలు లేవడం చూశారు కానీ రైలు చూడలేదు.

ఇప్పుడు నేను ఆ రైల్లోనే దిల్‌సుఖ్‌నగర్ వెళ్లి వస్తుంటాను. ఒకప్పుడు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని దాటిన ఆ రోడ్డు మీదుగా చల్లటి గాలిలో, కుదుపు లేకుండా పోతుంటే కింద లారీలు బొమ్మల్లా కనిపిస్తాయి. భయపడవలసింది ఏమీ లేదు. మంచిదే, ఆ భయాలు మన పిల్లలకు రాకూడదనే కదా మనం అంత పడ్డది. సందుల్లో బళ్లు కూడా ఇప్పుడు కరెంటువి వస్తున్నాయి, పక్కన వచ్చి నిలబడేదాకా తెలియదు. నేను కాస్త ఆలస్యమైతే మా అమ్మాయి కంగారుపడదు. ఫోను తీసి అందులో కదిలే నీలపుచుక్కను చూసి, అమ్మ చైతన్యపురి దాటింది అని తన పనిలో తను పడిపోతుంది. పాపం దానిది తప్పేమీ లేదు, చుక్క ఎప్పుడూ అబద్ధం చెప్పదు. స్టేషన్ మెట్లు దిగి నడిచి వచ్చి మా అపార్ట్‌మెంటు గేటు తోసినప్పుడు మాత్రం, ఎందుకో, ఒక్క క్షణం ఆగుతాను. నేను వస్తున్న చప్పుడు విని, బాగానే ఉన్నానని తేల్చుకున్నాక అన్నానికి కూర్చునే మనిషి అక్కడ ఎవరూ ఉండరు.